కనబడినా నమ్మని కళ్లు

బీఎస్ మేసాన్లనే కణాలు వందకోట్లు క్షయమైతే వాటిలో మూడో నాలుగో మాత్రమే రెండేసి మ్యువాన్లుగా విడిపోతాయని సిద్ధాంతం లెక్క. వాటిని పట్టుకుని లెక్కపెట్టిన మహానుభావులున్నారు! ఇంతకన్నా నాణ్యమైన పనితనం భౌతికశాస్త్రంలో చూపిస్తే వాళ్ల కాళ్లకు దండం పెడతాను.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1984లో అమెరికాలో క్లియో బృందం బీ మేసాన్లలో ఇలాంటి క్షయం కోసం వెతుకులాట మొదలెట్టింది. ఆ తర్వాత ఎందరో వెతికి ఉత్తచేతులతో తిరిగొచ్చారు. 2012లో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం తొలి ఆధారం చూపింది, 2015లో అక్కడిదే మరో ప్రయోగమైన సీఎంఎస్‌తో కలిసి ఖాయం చేసింది.

ఇక విద్య సంగతి. బీఎస్ పుట్టి, సుమారు సెంటీమీటరు ప్రయాణించి రాలిపోతుంది. ఆ పిసరంత దూరం కొలవడం కోసం ఎల్‌హెచ్‌సీబీ వాళ్లు సిలికాన్ పలకలను ప్రోటాన్ పుంజానికి 8 మిల్లీమీటర్ల దాకా జరిపారు. పుంజం కుదురుకోకముందు వాటిని వెనక్కి లాగి ఉంచాలి, లేదంటే మాడిపోతాయి.

ఫలితం కనబడాల్సిన చోటును ముందే మూసేస్తారు. వడపోత నియమాలన్నీ ఖరారయ్యాకే తెరుస్తారు. కోరుకున్నది కనబడేదాకా నియమాలు సడలించే మనిషి బుద్ధి వాళ్లకు బాగా తెలుసు మరి. పయాన్లు, కేయాన్లనే వేరే కణాలు మ్యువాన్ల వేషం వేసుకొస్తాయి. ఎన్ని వేషం కడతాయో ఊహించి సరిపెట్టరు, వేరే క్షయాల్లో తేటగా గుర్తుపట్టిన వాటిని తీసుకుని కొలుస్తారు.

ఎన్ని దొరికాయన్నది సగం జవాబే, ఎన్నింటిలో దొరికాయో తేలాలి. గురిగింజ పెట్టి బంగారం తూచినట్టు, బీ-ప్లస్ మేసాన్ జే-సై కణం, కేయాన్‌గా విడిపోయే తెలిసిన క్షయాన్ని పక్కన పెట్టి తూస్తారు. గురిగింజనూ నమ్మరు! బీ-ప్లస్‌లు నాలుగు పుడితే బీఎస్ ఒకటి పుడుతుందన్న నిష్పత్తిని విడిగా కొలిచి, అందులోని సుమారు 3 శాతం అనిశ్చితినీ ఖాతాలో రాసుకుంటారు.

కేయాన్‌నూ పయాన్‌నూ వేరుచేసే ప్రత్యేక పరికరం లేకుండానే సీఎంఎస్ 2022లో వందకోట్లకు 3.83 అని తేల్చింది. శభాష్! అయినా నా ఓటు ఎల్‌హెచ్‌సీబీకే. 2021లో వేరే బీ మేసాన్ క్షయంలో మ్యువాన్లూ ఎలక్ట్రాన్లూ సమానంగా రావడం లేదని 3.1 సిగ్మా బలంతో చెప్పింది వాళ్లే. తమ కొలతను మళ్లీ తవ్వి, ఎలక్ట్రాన్ల వేషంలో దూరిన పయాన్ల వంటి హాడ్రాన్లను పట్టుకుని, 2022 డిసెంబరులో తేడా ఏమీ లేదని ప్రకటించిందీ వాళ్లే. ఎంత గుండె ఉండాలి!

ఆ నడుమ పత్రికల్లో సాగిన ఊరేగింపు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. 5 సిగ్మా దాకా ఆగాలన్న కట్టుబాటు ఎటు పోయింది? బీఎస్ అంకె సిద్ధాంతానికి సరిపోయి, సూపర్‌సిమెట్రీ ఆశల్లో ఎన్నింటినో తుడిచిపెట్టినప్పుడు ఆ డప్పులు ఎందుకు మోగలేదు? ఆ డప్పులు ఒకటైతే, నకిలీ పనితనం ఇంకోటి. కొందరు తయారుగా దొరికే మెషీన్ లెర్నింగ్ కోడ్‌లో డేటా పోసి, గీత గీసి, విశ్లేషణ అంటున్నారు. ఎల్‌హెచ్‌సీబీ కూడా అలాంటి కోడ్ వాడింది, కానీ దాన్ని అసలు డేటాతో సరిచూశాకే నమ్మింది.

వేట ఇంకా మిగిలే ఉంది. బీ-జీరో మేసాన్ రెండు మ్యువాన్లుగా మారడం వెయ్యికోట్లకు ఒక్కటే, ఇంకా ఎవరికీ ఖాయంగా చిక్కలేదు. జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలో ఐఐటీ హైదరాబాద్ ఉంది కాబట్టి మనకు దారి లేదనకండి. ఎల్‌హెచ్‌సీబీ తొలి విడత డేటాను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అయ్యా ఆచార్యులూ, ఎమ్మెస్సీ ల్యాబులో ఆ పాత లోలకాన్ని కాస్త పక్కకు జరిపి, పిల్లల చేతికి ఆ డేటానివ్వండి.