విమానముపై దానలేఖ: ఒక విమర్శ

శాసనపరిశీలనము రాతిపైనను రాగిరేకుపైనను గల వ్రాతలకే పరిమితమని తలచుట మనలో వాడుక. ఆ వాడుకను సడలించి, హైదరాబాదు పేరు మోసిన యొక యుద్ధవిమానముపైని దానలేఖను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1998లో హైటెక్ సిటీయందు సైబర్ టవర్సు వెలసిన పిదప హైదరాబాదన్నంతనే మాదాపురపు అద్దాల మేడలు లోకమునకు స్ఫురించుచున్నవి. 1918లో ఆ పేరు జర్మనీ నగరములపై బాంబులు విడిచిన యొక దళమునకు చెల్లినది. బ్రిటిషు వాయుసేనలోని 110వ దళమునకు తొలి డి.హెచ్. 9ఎ విమానములను ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకగా నిచ్చెను. ప్రతి విమానముపైనను ఆ దానము వ్రాయబడెను. దళము 'హైదరాబాదు దళ'మని పిలువబడెను. 1918 అక్టోబరు 5న వానిలో నొకటి, ఎఫ్ 1010 సంఖ్య గలది, దాడికి పోయి తిరిగి రాలేదు. శత్రుభూమిపై దిగవలసివచ్చిన ఆ విమానమందలి కెప్టెన్ ఇంగ్లిస్, అతని సహచరుడు బాడ్లీ బందీలైరి.

మన దానశాసనములందు దాత, దేయవస్తువు, ప్రతిగ్రహీత, తుదకు ధర్మమును చెరచువారికి శాపము అను అంగములు సాధారణముగా కానవచ్చును. వీరగల్లులయందు పోరి పడినవాని రూపమే ప్రధానము. విమానలేఖ మొదటి జాతికి చెందినది. కాని యందు దాతయొక్కడే ప్రధానుడు. ప్రాణమొడ్డి నడపినవారికి అందు చోటు లేదు. ద్రవ్యము దివానీ ఖజానాదైనను, సర్ఫెఖాసుదైనను, శిస్తు చెల్లించిన తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల ప్రసక్తియు లేదు.

దానలేఖ దాతనే చెప్పును, ఇతరులను చెప్పలేదని తప్పుపట్టుట న్యాయమా యని కొందరడుగవచ్చును. ఆక్షేపము యుక్తమే. అయినను లేఖార్థము వ్రాయించినవాని యుద్దేశముతో ముగియదు. పట్టుబడిన విమానము బెర్లినులో ప్రదర్శితమైనప్పుడు దాత కానుకయే శత్రువునకు విజయచిహ్నమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము పోలండులో నిలిచి, 1977లో బ్రిటిషు వాయుసేనా ప్రదర్శనశాలకు చేరిన పిమ్మట అది పురావస్తువైనది. వస్తువొక్కటే, అర్థము ముమ్మారు మారినది.

దీని సరసన గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి అభయశాసనమును నిలిపి చూడవలెను. గాలివానకు చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సొమ్మును పూర్వరాజులు హరించుచుండగా, కాకతీయప్రభువు సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులదేయని అభయమిచ్చెను. అందు ప్రభువు కీర్తియు గలదు. కాని పరభూమిలో దిక్కులేక పడిన మానవుడే శాసనమునకు కేంద్రము. వర్తకుడు వేరు, బాంబులు విడిచిన సైనికుడు వేరు అనుట నిజము. అయినను 1907 నాటి హేగు నిబంధనలు యుద్ధఖైదీని దయతో చూడవలెనని, వాని వివరములు నమోదు చేయవలెనని విధించినవి. ఆ దయకును మోటుపల్లి యభయమునకును చుట్టరికము గలదు, విమానలేఖకు లేనిదదియే.

కావున పరిశోధకవిద్యార్థి దాత పేరుతో ఆగరాదు. ఎవరి ధనము, ఎవరి ప్రాణము, ఎవరిపై ప్రయోగము అను మూడు ప్రశ్నలకు సమాధానము వెదకిననాడే దానలేఖను పూర్తిగా చదివినట్లగును.