చీటీ ఎప్పుడు వేయాలి?

2000 ఏప్రిల్‌లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఫిలడెల్ఫియాకు చెందిన ఎడ్వర్డ్ స్టాట్‌మవర్ బృందం ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌లో మూలకణ మార్పిడి ఆయుష్షు పెంచుతుందా అన్నది ప్రశ్న. పెంచలేదన్నది జవాబు. ఆ జవాబు రాబట్టిన తీరులోనే అసలు పనితనం ఉంది.

కీమో మోతాదు పెంచితే క్యాన్సర్ కణాలు ఎక్కువగా చస్తాయి, కానీ రక్తం తయారుచేసే మూలుగ కూడా పాడవుతుంది. అందుకని రోగి మూలకణాలను ముందే తీసి గడ్డకట్టించి దాస్తారు. భారీగా మందు ఎక్కించాక వాటిని తిరిగి ఒంట్లోకి పంపుతారు. 1990లలో అమెరికాలో వేలమంది స్త్రీలు ఈ చికిత్స చేయించుకున్నారు. ఖర్చు భరించబోమన్న బీమా సంస్థల మీద కొందరు కోర్టుకెక్కారు. తొలి అధ్యయనాల్లో మార్పిడి చేయించుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికినట్టే కనిపించింది మరి.

చిక్కంతా ఆ పోలికలోనే ఉంది. మార్పిడికి ఎంచుకునేది వయసు తక్కువున్నవాళ్లను, గుండె గట్టిగా ఉన్నవాళ్లను, మొదటి కీమోకే గడ్డలు తగ్గినవాళ్లను. మార్పిడి లేకున్నా వాళ్లు మిగతావారికంటే ఎక్కువే బతుకుతారు. పాత రికార్డుల్లోని రోగులందరితో వాళ్లను పోల్చడమంటే తక్కెడలో ఒకవైపు ముందే రాయి పెట్టి తూచడం.

స్టాట్‌మవర్ బృందం, ఎవరికి ఏ చికిత్సో తేల్చే చీటీని వెంటనే వేయలేదు. చేరిన 553 మందికీ ముందు మామూలు కీమో ఇచ్చింది. 310 మందిలో జబ్బు బాగా తగ్గింది, లేదా కనిపించకుండా పోయింది. వాళ్లలోంచి 199 మందికి అప్పుడు చీటీ వేసింది. 110 మందికి మార్పిడి, 89 మందికి రెండేళ్ల వరకు మామూలు కీమో. మందుకు లొంగే జబ్బున్నవాళ్లే రెండువైపులా ఉన్నారు. పైగా రెండోవైపు వారినీ ఉత్తచేతులతో వదిలేయకుండా గట్టి చికిత్సే ఇచ్చారు.

మూడేళ్లకు బతికి ఉన్నవారు మార్పిడి వర్గంలో 32 శాతం, మామూలు కీమో వర్గంలో 38 శాతం. జబ్బు మళ్లీ పెరిగేందుకు పట్టిన కాలం వరుసగా 9.6 నెలలు, 9 నెలలు. ఈ తేడాలు రెండూ గణాంకాల లెక్కలో నిలిచేవి కావు. ఇన్ఫెక్షన్లు, వాంతులు, నోటిపూత మాత్రం మార్పిడి వర్గంలోనే ఎక్కువ. సంఖ్య చిన్నది కాబట్టి స్వల్ప లాభం ఉన్నా ఈ ప్రయోగానికి దొరకకపోవచ్చు. కానీ జనం ఆశించింది స్వల్ప లాభం కాదు.

పనితనం విలువ తెలియాలంటే దాని పక్కనే నకిలీనీ చూడాలి. 1999లో దక్షిణాఫ్రికా వైద్యుడు వెర్నర్ బెజ్‌వొదా, రొమ్ము క్యాన్సర్‌లో మార్పిడి అద్భుతంగా పనిచేసిందని ప్రకటించాడు. అమెరికా తనిఖీ బృందం వెళ్లి రికార్డులు అడిగితే లెక్కలు కుదరలేదు. తప్పుడు వివరాలిచ్చానని అతనే ఒప్పుకున్నాడు.

మార్పిడి అన్నిచోట్లా వృథా కాదు. మల్టిపుల్ మైలోమాలో అది జబ్బు తిరగబెట్టడాన్ని వాయిదా వేస్తుంది. ఆ సంగతినీ చీటీ వేసి చేసిన ప్రయోగాలే తేల్చాయి. అందుకే ముదిరిన క్యాన్సర్‌కు మార్పిడి చేద్దామని ఎవరైనా అంటే, ఏ క్యాన్సర్‌లో, ఎవరితో పోల్చి, ఎంత లాభం చూశారో అడగండి.