‘బడింది’ చాటున ఎవరున్నారు?

‘ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును.’ ఇలాంటి బోర్డు చదవని తెలుగువాడు అరుదు. కాని ఆ కొట్టు ముందు నిలబడి ఎవరూ అలా మాట్లాడరు. “సైకిలు అద్దెకిస్తారా?” అని అడుగుతాం. “ఇస్తాం” అంటాడు కొట్టువాడు. నోటితో ఇంత తేలిగ్గా చెప్పే మనం, కలం పట్టేసరికి ఎందుకు బిగుసుకుపోతాం?

ఇంగ్లీషు మాటలతో నాకు పేచీ లేదు. రైలు, రేడియో, విటమిను ఎప్పుడో మనవైపోయాయి. వాక్యం అచ్చు సంగతి వేరు. ‘చర్య తీసుకోవడం’, ‘వెలుగులోకి రావడం’ ఇంగ్లీషు అచ్చులో పోసినవే అయినా తెలుగులో ఇమిడిపోయాయి, వాటివల్ల నష్టం లేదు. ‘బడు’ కూడా కొత్తది కాదు, పాత కావ్యాల్లోనూ ఉంది. దాన్ని దినపత్రికల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి ఇంత విరివిగా తెచ్చింది మాత్రం ఇంగ్లీషునుంచి చేసే అనువాదమే. అచ్చు మారినప్పుడు అర్థం ఎక్కడ జారిపోతోందో, అక్కడే మనం ఆగి చూడాలి.

మొదటిది, ‘ఎవరు?’ అన్న ప్రశ్న. ‘ఈ మందు సురక్షితమని నిరూపించబడింది’ అని రాస్తారు. తెలుగు క్రియ చివరనే కర్త ఆనవాలుంటుంది. ‘నిరూపించాం’ అంటే మేము, ‘నిరూపించారు’ అంటే వాళ్ళు. ‘నిరూపించారు’ అనగానే “ఎవరు? కంపెనీవారా, బయటివారా? ఎంతమందికి ఇచ్చి చూశారు?” అని అడగాలనిపిస్తుంది. ‘నిరూపించబడింది’ ఆ ప్రశ్నను పుట్టనివ్వదు. ప్రయోగం ఎవరు చేసినా ఫలితం ఒకటే కనుక విజ్ఞానశాస్త్రంలో కర్త అక్కర్లేదని వాదించేవారున్నారు. కాని 1953లో డి.ఎన్‌.ఏ. నిర్మాణాన్ని వివరించిన వాట్సన్‌, క్రిక్‌ల పత్రం ‘మేము’ అన్న మాటతోనే మొదలవుతుంది.

రెండవది, ‘ఎక్కడ?’ ఇంగ్లీషులో కలిగి ఉండడానికి ఒకే క్రియ సరిపోతుంది. తెలుగు అలా సరిపెట్టుకోదు. నీళ్ళలో ఫ్లోరైడ్‌ ఉంది, నాకు మోకాళ్ళ నొప్పి ఉంది, మా దగ్గర డబ్బు లేదు అంటాం. ‘లో’, ‘కు’, ‘దగ్గర’ మూడూ మూడు రకాల సంబంధాలు. అనువాదకుడు వీటన్నిటికీ ‘కలిగి ఉంది’ అని ఒకే మూత పెడతాడు. నల్లగొండ ప్రాంతానికి ఫ్లోరైడ్‌ బాధ కొత్త కాదు. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అలాంటి చోట ‘రోగి అధిక ఫ్లోరైడ్‌ను కలిగి ఉన్నాడు’ అని రాస్తే ఏమనుకోవాలి? రక్తంలోనా, ఎముకల్లోనా? తెలుగులో ఆలోచించి రాసేవాడు ఆ చోటు చెప్పక తప్పదు.

మూడవది, ‘ఎన్ని?’ ఇంగ్లీషులో ‘అన్నీ’, ‘కాదు’ ఒకే వాక్యంలో వచ్చినా, కొన్ని మాత్రమే అన్న అర్థం రావచ్చు. దాన్ని మక్కికిమక్కి దించితే ‘అన్ని పాములూ విషపూరితమైనవి కావు’ అవుతుంది. అంటే ఏ పాముకూ విషం లేదనా? ‘కొన్ని పాములకే విషం ఉంటుంది’ అంటే తగువే లేదు. ఇది వ్యాకరణ చాదస్తం అనుకోకండి. 2000నుంచి 2019వరకు మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షలమంది బలయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. అలాంటి విషయంలో రెండర్థాల వాక్యం ప్రమాదకరం.

పిల్లల పుస్తకాల్లో ‘ఇది కిరణజన్య సంయోగక్రియ అని పిలువబడుతుంది’ అని ఉంటుంది. పిలిస్తే పలికేదా అది? ‘అంటారు’ అంటే చాలదూ! అర్థంకాని పిల్లవాడు విజ్ఞానశాస్త్రమే కష్టమనుకుంటాడు. కష్టం శాస్త్రంలో లేదు, వాక్యంలో ఉంది.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు. తమిళంలో ‘పడు’, కన్నడంలో ‘ల్పడు’, హిందీలో ‘ద్వారా’ ఇలాంటి పనికే వాడుతున్నారు. ఇంగ్లీషునుంచి వార్తలు, పాఠాలు దించుకునే భాషలన్నిటికీ ఇది పంచుకున్న బాధ.

ఇక మందు సీసా మీది కాగితమో, ప్రభుత్వ ప్రకటనో చదివేటప్పుడు ఎవరు, ఎక్కడ, ఎన్ని అని అడగండి. జవాబు దొరక్కపోతే మీ తెలివిని అనుమానించకండి. ఆ అనువాదం ఇంకా పూర్తికాలేదన్నమాట.