బొమ్మ గీయకముందే పరీక్ష

లెక్క తప్పిన ప్రోగ్రామ్ చాలాసార్లు మధ్యలో ఆగిపోయి ఎర్ర అక్షరాలతో మొత్తుకుంటుంది. గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్‌కు ఆ సుగుణం తక్కువ. లెక్క తప్పినా బొమ్మ వచ్చేస్తుంది, రంగులతో సహా ముచ్చటగా వస్తుంది. మీటింగులో తెర మీదికెక్కాక, ఫలానా నెల గీత ఏమైందని ఎవరైనా నిలదీస్తే తప్ప సంగతి బయటపడదు. అయినా గ్రాఫ్ కోడ్‌ను ఓసారి కంటితో చూసి, బాగానే ఉందని వదిలేయడమే మన దగ్గర ఎక్కువ. హాస్కెల్ వంటి ఫంక్షనల్ భాషల్లో పనిచేసేవాళ్లు దీనికి వేరే దారి వేసుకున్నారు.

బొమ్మను వీలైనంత ఆలస్యంగా గీయడం ఆ దారికి మూలం. డేటా తీసుకుని చార్టు తయారుచేసే ఫంక్షన్ తెరను ముట్టుకోదు, ఫైలు రాయదు. చార్టు ఎలా ఉండాలో చెప్పే వర్ణన ఒకటి చేతికిచ్చి ఊరుకుంటుంది. హెచ్‌వేగా అనే హాస్కెల్ లైబ్రరీ సరిగ్గా ఇదే చేస్తుంది. వేగా-లైట్ అనే చార్టుల పరికరానికి అర్థమయ్యే జేసన్ వర్ణనను సిద్ధం చేస్తుంది, గీసే పని బ్రౌజర్ చూసుకుంటుంది. వర్ణన కూడా మామూలు డేటాయే కదా! విప్పి చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు, నిన్నటిదానితో పోల్చొచ్చు. వంద వరుసలు ఇస్తే వంద చుక్కలు ఉన్నాయా అని బొమ్మ చూడకుండానే అడగొచ్చు.

ఈ సంప్రదాయానికి అసలు పదును క్విక్‌చెక్ అనే హాస్కెల్ టెస్టింగ్ లైబ్రరీతో వచ్చింది. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2000లో దీన్ని పరిశోధన పత్రంలో ప్రకటించారు. మామూలు టెస్టులో ఇన్‌పుట్ మనమే రాస్తాం, రావలసిన జవాబూ మనమే రాస్తాం. ఇక్కడ ఎప్పుడూ నిజం కావలసిన నియమం ఒక్కటే రాస్తాం. ఇన్‌పుట్లను క్విక్‌చెక్ తనంతట తాను పుట్టిస్తుంది, మనం వేరే అంకె చెప్పకపోతే 100 సార్లు.

స్కేలు ఫంక్షన్‌నే తీసుకోండి. అమ్మకాల అంకెలను 400 పిక్సెళ్ల వెడల్పులో సర్దాలి. ప్రతి అంకెలోంచి కనిష్ఠాన్ని తీసేసి, గరిష్ఠ కనిష్ఠాల తేడాతో భాగించి, 400తో గుణిస్తే సరి. ఏ చుక్కా 0కీ 400కీ బయట పడకూడదన్నది నియమం. దీన్ని క్విక్‌చెక్‌కు అప్పగిస్తే ఎంతోసేపు పట్టదు, ఒకే అంకె ఉన్న జాబితాను పట్టుకొచ్చి ముందు పెడుతుంది. గరిష్ఠం, కనిష్ఠం ఒకటే అయినప్పుడు సున్నాను సున్నాతో భాగిస్తున్నాం. దశాంశ సంఖ్యల విషయంలో హాస్కెల్ దీనికి కేకలు పెట్టదు. సంఖ్యే కాని ఒక విలువను, నాన్ అంటారు దాన్ని, నిశ్శబ్దంగా వెనక్కిస్తుంది. ఆ విలువ 0 కంటే పెద్దదా అంటే కాదంటుంది, చిన్నదా అన్నా కాదనే అంటుంది. అందుకే నియమం దగ్గర దొరికిపోతుంది. నియమం లేకపోతే మొదటిరోజు తెరిచిన దుకాణం గ్రాఫ్ ఖాళీగా కనిపించేది, కారణం వెతకడానికి పూట పట్టేది.

దొరికిన తప్పును కుదించి చూపడం క్విక్‌చెక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం. ముప్ఫై అంకెల జాబితాలో టెస్టు విఫలమైతే దాన్ని అలాగే మన ముఖాన కొట్టదు. ఒక్కో అంకె తీసేస్తూ, చిన్నవి చేస్తూ, ఇంకా విఫలమయ్యే అతిచిన్న ఉదాహరణ దాకా వెళుతుంది. బగ్ ఎక్కడుందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

నియమాలు ఆలోచిస్తే వస్తూనే ఉంటాయి. గుండ్రటి పై-చార్టులో కోణాలన్నీ కలిపితే 360 డిగ్రీలు రావాలి. వరుసల క్రమం తారుమారు చేసినా అక్షం హద్దులు మారకూడదు. ఎస్‌వీజీ బొమ్మల్లో నిలువు కొలత పైనుంచి కిందికి నడుస్తుంది కనుక, పెద్ద విలువకు చిన్న కొలత రావాలి.

సగటులు సరిపోయాయి చాలు అనుకోకూడదు. గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కూంబ్ 1973లో నాలుగు చిన్న పట్టికలు చూపించారు. ఒక్కోదానిలో 11 చుక్కలు, సగటులూ సహసంబంధమూ దాదాపు ఒకటే. గీసి చూస్తే నాలుగింటికీ పోలికే ఉండదు! అందుకే టెస్టు ప్రతి చుక్కనూ పలకరించాలి.

పాత బొమ్మను దాచి కొత్తదానితో పోల్చే గోల్డెన్ టెస్టులు కూడా ఉన్నాయి. పనికొస్తాయి గానీ, పిక్సెళ్లు పోల్చడం సోమరి పని అంటాను. వేరే కంప్యూటర్‌లో ఫాంటు కాస్త మారినా టెస్టు విఫలమవుతుంది. పదిసార్లు అలా జరిగితే పదకొండోసారి ఎవరూ చూడకుండా కొత్త బొమ్మకు సరే అనేస్తారు. దాచుకునేదేదో వర్ణననే దాచుకుంటే మేలు.

తెలుగు లేబుళ్లు పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. 'రాష్ట్రం' కంటికి రెండక్షరాలు. హాస్కెల్‌లో స్ట్రింగ్ పొడవు అడిగితే 8 అంటుంది, ఎందుకంటే దీర్ఘాన్ని, పొల్లులను, సున్నాను విడివిడిగా లెక్కపెడుతుంది. ఆ లెక్కతో లేబుల్‌కు చోటు వదిలితే గ్రాఫ్ సగం ఖాళీ. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్టు చేసేవారికి ఇది ఎప్పటికీ దొరకదు.

రంగులు కలిసిపోయాయా, లేబుళ్లు చదవగలమా అన్నది ఇప్పటికీ మనిషి చూడాల్సిందే. మిగతాదానికి హాస్కెల్ నేర్చుకోనక్కర్లేదు. పైథాన్‌లో హైపోథెసిస్, జావాస్క్రిప్ట్‌లో ఫాస్ట్-చెక్ ఇదే పని చేస్తాయి. ఈ వారం మీ గ్రాఫ్ కోడ్‌కు ఒక్క నియమం రాయండి, ఒకే విలువ ఉన్న జాబితాను తప్పకుండా ఇచ్చి చూడండి.