బరువు కిందికి దూరే విద్య

ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది రాజాంలో మా ఇంట్లో శనివారం రాత్రి దాకా తేలని పంచాయితీ. ఈసారి మా అమ్మాయి టీవీలో హాకీ చూసి, ఆడేవాళ్ళు ప్రాక్టీసు చేస్తుంటే దగ్గర్నుంచి చూడాలంది. హాకీ జట్టును నేనెక్కడ తెచ్చేది? మన నేలకు అచ్చొచ్చిన ఆట వేరే ఉంది, అది చూపిస్తానన్నాను. పులిహోర డబ్బా కట్టుకుని చీపురుపల్లి, గరివిడి మీదుగా నెల్లిమర్ల దారి పట్టాం. ఆ మండలంలోదే కొండవెలగాడ.

బరువులెత్తేవాళ్ళ ఊరన్న పేరు దానికి ఊరికే రాలేదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచిన మత్స సంతోషిది ఈ ఊరే. మొదట కంచు ఇచ్చారు. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. ఇటు ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి సంగతి చెప్పనక్కర్లేదు. వీళ్ళందరికీ ముందు వీరఘట్టం వస్తాదు కోడి రామ్మూర్తి నాయుడు ఉండనే ఉన్నాడు. జాతరల్లో సంగిడిరాళ్ళు ఎత్తే పోటీలు ఈ వైపు ఇప్పటికీ చూస్తాం. కసరత్తు చేసే చోటుకు తాలింఖానా అన్న మాట మా తాతల నోట బడి అన్నంత మామూలుగా వచ్చేది. ఇప్పుడు రాయికి తోడు కడ్డీ వచ్చిందంతే.

మేం కొండవెలగాడ సాధనశాలకు వెళ్ళేసరికి ఒక పదమూడేళ్ళ పిల్ల ఉత్త కర్రతో సాధన చేస్తోంది. మా అమ్మాయి ముఖం ముడుచుకుంది. "బరువేదీ నాన్నా?" అంది. అక్కడే ఉంది అసలు కిటుకు. కర్రతో వందసార్లు తప్పులేకుండా చేసినవాళ్ళకే కడ్డీ. ఆడవాళ్ళ కడ్డీ ఒక్కటే 15 కిలోలు, మగవాళ్ళది 20. ఆపైన రంగు బిళ్ళలు: ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. రంగులు గుర్తుంటే దూరం నుంచే లెక్క కట్టేయొచ్చు. మా అబ్బాయి పది నిమిషాల్లో ఆ పనిలో ఆరితేరాడు.

పక్కన కాస్త పెద్దమ్మాయి చేతులకు తెల్లపొడి రాసుకుని కడ్డీ దగ్గరికొచ్చింది. ఆమె పట్టు చూడండి. బొటనవేలు కడ్డీని చుట్టి, దానిమీద చూపుడువేలు, నడిమివేలు బిగించింది. కొత్తలో బొటనవేలు కమిలిపోతుంది గానీ, ఇక పట్టు జారదు. నడుం వంగకుండా కూర్చుని లేచింది. కడ్డీ మోకాలి కింద ఎముకను రాసుకుంటూ పైకొచ్చింది. అక్కడ పాత గీతలు, ఎండిన పక్కులు. "దూరం పోనీకమ్మా, ఒంటికి అంటుకునే రావాలి" అంటున్నారు నేర్పే మాస్టారు. కడ్డీ బెత్తెడు ముందుకు జరిగినా మనిషిని అదే లాగేస్తుంది.

తొడల పైభాగానికి రాగానే ఆమె తుంటి విసిరింది, మడమలు లేచాయి. కడ్డీ ఛాతీ ఎత్తుకు వచ్చిందో లేదో, ఆమె కిందికి పోయింది. అవును, కిందికే. బరువు తలమీదికి ఎగిరిందని మనం అనుకుంటాం. నిజానికి అది ఒక్క క్షణం తేలినప్పుడు మనిషే దాని కిందికి దూరుతుంది. గొంతుక్కూర్చుని, చేతులు చాచి ఆపి, అప్పుడు లేచి నిలబడుతుంది. ఇది స్నాచ్. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాలమీదికి, అక్కణ్ణుంచి కాళ్ళు ముందూ వెనకా చాపి తలమీదికి.

మా ఆవిడ ఇదంతా చూసి, "ఇందులో వింతేముంది, వరిమోపు ఎత్తుకునేవాడూ ఇంతే కదా" అంది. నిజమే. మోపును చేతులతో ఎవడూ ఎత్తడు. మోకాలిమీదికి తెచ్చుకుని, ఒక ఊపు ఊపి, తలను దాని కిందికి పెడతాడు. నేను పుస్తకాల్లో వెతికినదాన్ని ఆవిడ కళ్ళంలో చూసింది.

ఆ గంటన్నరలో కడ్డీ ఎన్నిసార్లు కింద పడిందో లెక్కలేదు. పడినప్పుడల్లా నేల అదిరింది. ఎవరూ నొచ్చుకోలేదు, ఎవరూ నవ్వలేదు. ముందుకు పడితే వెనక్కి, వెనక్కి పడితే ముందుకు తప్పుకోవడం కూడా నేర్పే విద్యే. పోటీలో స్నాచ్‌కు మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కు మూడు అవకాశాలే ఉంటాయి. అందుకే నేను పోటీ కంటే సాధన చూడమంటాను. పతకం వెనక ఏముందో అక్కడే కనిపిస్తుంది.

మల్లీశ్వరి పతకమే తీసుకోండి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, ఆడవాళ్ళ బరువులెత్తే పోటీలు ఒలింపిక్స్‌లో తొలిసారి పెట్టిన ఏడు, 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. చివరి ప్రయత్నానికి 137.5 అడిగింది. అది నిలబడితే మొత్తం 247.5 అయ్యేది, బంగారం గెలిచిన చైనా అమ్మాయి లిన్ వైనింగ్ ఎత్తింది 242.5. కడ్డీ నిలవలేదు.

ఇలాంటి పతకాల కోసం కాదు, క్రీడా కోటాలో రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగం కోసమే పిల్లల్ని ఈ సాధనకు పంపుతారని తేలిగ్గా మాట్లాడేవాళ్ళున్నారు. ఉద్యోగం కోసమే పంపితే మాత్రం తప్పేముంది? చదువుకు పంపేదీ అందుకే కదా.

మీరూ వెళ్ళాలనుకుంటే ముందు మాస్టారిని అడిగి వెళ్ళండి. గోడవారన కూర్చోండి. పిల్లల్ని బరువులెత్తే చెక్కబల్లమీదికి ఎక్కనివ్వకండి. ఎత్తేవాళ్ళు కడ్డీమీద చెయ్యి వేశాక మాట్లాడకండి, ఫోన్ తియ్యకండి. కడ్డీ కింద పడినా సరే, వాళ్ళు లేచి మళ్ళీ చేతికి పొడి రాసుకునే దాకా ఆగండి.