నిద్రలో దొంగ, మెలకువలో దొంగ

శ్రీరంగపట్నం కోట చూసినవారు ఈ పత్రిక పాఠకుల్లో చాలామందే ఉంటారు. బెంగుళూరు నుంచి మైసూరు పోయే తెలుగు కుటుంబం అక్కడ ఒక పూట ఆగకుండా పోదు. 1799 మే 4న ఆ కోట ఇంగ్లీషువాళ్ళ వశమైంది. ఆనాటి దోపిడీలో ఒక తెల్ల అధికారి ముగ్గురిని చంపి ఒక పసుపు వజ్రం చేజిక్కించుకున్నట్లు కల్పించి, దానితో విల్కీ కాలిన్స్ తన 'మూన్‌స్టోన్' నవల మొదలుపెట్టాడు. 1868 జనవరి నుంచి ఆగస్టు దాకా డికెన్స్ నడిపిన వారపత్రికలో అది ధారావాహికగా వచ్చింది. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలకు ఇదే పెద్దక్క అని విమర్శకులు అంటూ వచ్చారు. కొమ్మూరి సాంబశివరావు నవలలు దిండుకింద పెట్టుకుని పెరిగిన నాకు ఆ మాటతో పేచీ లేదు. అయితే ఈ నవలను డిటెక్టివ్ నవలగా మాత్రమే చదివి పక్కన పెట్టేస్తే అందులో అసలు ప్రశ్న జారిపోతుంది. నిద్రలో ఉన్న మనిషి చేసిన పనికి మెలకువ వచ్చాక అతను జవాబుదారీ అవుతాడా? ఆ ప్రశ్నకు కాలిన్స్ ఇచ్చిన సమాధానం తెలివైనదే గాని పూర్తి సమాధానం కాదన్నది నా అభిప్రాయం.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1848 జూన్ 21న యార్క్‌షైర్‌లోని ఒక జమీందారీ ఇంట్లో రేచల్ వెరిందర్ అనే అమ్మాయి పద్దెనిమిదో పుట్టినరోజు. మేనమామ రాసిపోయిన ఆ వజ్రాన్ని ఫ్రాంక్లిన్ బ్లేక్ అనే బంధువు తెచ్చి ఆమెకు ఇస్తాడు. రాత్రి ఆమె దాన్ని తాళం లేని బీరువా సొరుగులో పెట్టి పడుకుంటుంది. తెల్లారేసరికి వజ్రం లేదు. దాన్ని వెతకడానికి అందరికన్నా ఎక్కువగా తిరిగిన మనిషి ఫ్రాంక్లినే. ఏడాది గడిచాక దొరికిన దొంగ కూడా ఫ్రాంక్లినే! తలుపుకు వేసిన పచ్చి రంగు అంటుకున్న రాత్రిచొక్కా మీద అతని పేరే ఉంది. అతను వజ్రం తీస్తుండగా రేచల్ కళ్ళారా చూసింది. ప్రేమించిన మనిషి గనుక నోరు మెదపలేదు. అతనికి మాత్రం ఏమీ జ్ఞాపకం లేదు.

జరిగింది ఇదీ. రేచల్‌కు చుట్ట వాసన పడదని ఫ్రాంక్లిన్ పొగతాగడం మానేశాడు. దాంతో నిద్ర పట్టడం లేదు. విందులో డాక్టర్ క్యాండీతో వాదం పెట్టుకుని, వైద్యమంటే చీకట్లో తడుములాటేనని ఎగతాళి చేశాడు. ఆయనకు గుణపాఠం చెబుదామని డాక్టరు ఆ రాత్రి అతనికి తెలియకుండా 25 మినిముల లాడనం, అంటే నల్లమందు ద్రావకం, తాగే బ్రాందీలో వేయించాడు. వజ్రం ఏమవుతుందో అన్న దిగులుతో పడుకున్న ఫ్రాంక్లిన్ మందు మత్తులో లేచి, దాన్ని తీసి, మర్నాటికి సర్వం మరిచిపోయాడు. ఎజ్రా జెన్నింగ్స్ అనే సహాయక వైద్యుడు ఏడాది తర్వాత అదే ఇంట్లో, అదే గదిలో, ఈసారి 40 మినిములు ఇచ్చి ఆ రాత్రిని మళ్ళీ నడిపిస్తాడు. సాక్షులు చూస్తుండగా ఫ్రాంక్లిన్ నిద్రలో లేచి ఉత్తుత్తి వజ్రాన్ని తీస్తాడు. నిర్దోషి అని తేలిపోతుంది. రేచల్ అతన్ని పెళ్ళాడుతుంది.

నవల నిర్మాణమే ఒక కోర్టు దస్తావేజు. ఇంటి దివాను, లాయరు, దైవభక్తి ముదిరిన ఒక బంధువురాలు, ఇలా ఒక్కొక్కరు తాము చూసినంత మటుకే సాక్ష్యం రాసి పెడతారు. అబద్ధమాడిన సాక్షి దాదాపు లేడు. అయినా నిజం బయటికి రాదు, ఎందుకంటే అది ఎవరి జ్ఞాపకంలోనూ మొత్తంగా లేదు. ముద్దాయి సాక్ష్యానికి వస్తే అతనికే ఏమీ తెలియదు. ఈ ఎత్తుగడకు నా జోహారు.

ఇక నా అభ్యంతరం. కాలిన్స్ తన కథానాయకుణ్ణి ఏ ఆధారం మీద విడిచిపెట్టాడు? అతను నిద్రలో ఉన్నాడని కాదు, నిద్రలో కూడా మంచివాడేనని. వజ్రం దొంగల పాలవుతుందేమోనన్న భయంతో భద్రం చేయడానికి తీశాడట. మెలకువలోని సదుద్దేశమే నిద్రలో చేతులు చాచింది. ప్రయోగమంతా రుజువు చేసేది ఇదే. చదువుతుంటే కడుపు చల్లగానే ఉంటుంది. కాని రచయిత ఇక్కడ కష్టమైన ప్రశ్నను చల్లగా తప్పించుకున్నాడు. ఆ చేయి వజ్రం కోసం గాక కత్తి కోసం చాచి ఉంటే?

ఈ ప్రశ్న కల్పితం కాదు. నవలకు ముందే, 1846లో, అమెరికాలోని బోస్టన్‌లో హత్యానేరం మోపబడిన టిరెల్ అనే యువకుడి పక్షాన రూఫస్ చోట్ అనే ప్రసిద్ధ న్యాయవాది నిద్రనడక వాదాన్ని ముందుకు తెచ్చాడు. జ్యూరీ అతన్ని విడిచిపెట్టింది. 1878లో గ్లాస్గోలో ఫ్రేజర్ అనే అతను ఏదో మృగం మీద పడుతోందన్న భ్రమలో, నిద్రలోనే, ఏడాదిన్నర కొడుకును చంపుకున్నాడు. ఇకపై ఒంటరిగానే పడుకుంటానని అతని దగ్గర హామీ తీసుకుని కోర్టు వదిలేసింది. శిక్ష లేదు. కాని జీవితాంతం గదిలో మరో మనిషి ఉండరాదు. శిక్షా స్మృతులు రాసిన ఏ పండితుడికీ తట్టని తీర్పు అది.

వీటన్నిటికన్నా మూన్‌స్టోన్ పక్కన పెట్టి చదవవలసిన కేసు కెనడాలోని పార్క్స్ కేసు. 1987 మే నెలలో ఒక రాత్రి, టొరంటో దగ్గర, ఇరవై మూడేళ్ళ కెనెత్ పార్క్స్ నిద్రలో లేచి, కారులో 23 కిలోమీటర్లు పోయి, అత్తమామల ఇంట్లో అత్తను చంపి, మామను తీవ్రంగా గాయపరిచాడు. అక్కడి నుంచి తానే పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. అత్తగారితో తగాదా లేదు, ఆమెకు అల్లుడంటే అభిమానం. జూదంలో అప్పుల పాలై, యజమాని సొమ్ము వాడుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ సంగతి మర్నాడు అత్తమామల ముందు చెప్పుకోవలసి ఉంది. వంశంలో నిద్రలో లేచి తిరిగేవాళ్ళున్నారు. ఐదుగురు నిపుణులు అతను నిద్రలోనే ఉన్నాడన్నారు. జ్యూరీ విడుదల చేసింది. 1992లో కెనడా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

ఫ్రాంక్లిన్‌నూ పార్క్స్‌నూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఇద్దరికీ పడుకునే ముందు మనసులో ఒక బరువుంది. ఇద్దరూ మెలకువలో తాము వెళ్ళాలనుకున్న చోటుకే నిద్రలో వెళ్ళారు. కాలిన్స్ సూత్రం ప్రకారం, నిద్రలో చేసిన పని మెలకువలోని కోరికకు కొనసాగింపే అయితే, పార్క్స్ గతి ఏమిటి? అత్తను చంపాలన్న కోరిక లోపల ఎక్కడో దాగి ఉందని అనవలసి వస్తుంది. కెనడా న్యాయమూర్తులు ఆ దారి తొక్కలేదు. ఉద్దేశం మంచిదా చెడ్డదా అని తూకం వేయలేదు, ఇచ్ఛ అనేదే ఆ సమయంలో లేదన్నారు. ఇష్టపూర్వకంగా కదలని చేతికి నేరం అంటగట్టరాదన్నారు. వైద్యశాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. నిద్రనడక సాధారణంగా రాత్రి మొదటి భాగంలో, గాఢనిద్ర లోంచి పుడుతుంది. మెదడులో కాళ్ళూ చేతులూ నడిపే భాగం మేలుకుంటుంది, మంచిచెడ్డలు బేరీజు వేసి జ్ఞాపకం రాసుకునే భాగం పడుకునే ఉంటుంది. కల కంటూ కాళ్ళూచేతులూ విదిలించే జబ్బు వేరే ఉంది. అది కలలు వచ్చే నిద్రదశకు చెందినది. మనవాళ్ళు రెంటినీ ఒక గాటనే కట్టేస్తారు.

కోర్టులైనా అన్నీ ఒక్క మాట మీద లేవు. ఇంగ్లండులో 1991 నాటి బర్జెస్ కేసులో, నిద్రలో ఒక స్త్రీ మీద సీసాతోనూ వీడియో యంత్రంతోనూ దాడి చేసిన వ్యక్తిది నిద్రనడకేనని ఒప్పుకుంటూనే, దానికి కారణం మనిషి లోపలే ఉంది గనుక అది చట్టం దృష్టిలో చిత్తవైకల్యమే అన్నారు. టొరంటోలో అయితే ఇంటికి, లండనులో అయితే ఆసుపత్రికి! మన శిక్షాస్మృతిలో నిద్రనడక అన్న మాట లేదు. ముద్దాయి తరఫు వకీలు మతిస్థిమితం లేనివారి 84వ సెక్షన్ను (2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22) ఆశ్రయించాలి, లేదా అసలు అది ఇచ్ఛాపూర్వకమైన చర్యే కాదని వాదించాలి. నేను బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవాణ్ణే గాని క్రిమినల్ వకీలును కాను. అయినా ఒకటి చెప్పగలను. ఫ్రాంక్లిన్‌ను మన కోర్టులో నిలబెడితే ఇంత ప్రయోగం అక్కర్లేదు. అతనికి తెలియకుండా ఇచ్చిన మత్తు వల్ల ఒళ్ళు తెలియక చేసిన పని నేరం కాదని 1860 నాటి శిక్షాస్మృతి 85వ సెక్షన్ చెబుతోంది. ఇప్పుడది 23. కాలిన్స్ నవల రాసేనాటికి వజ్రం పుట్టిన దేశంలో ఆ చట్టం అమలులోకి వచ్చి ఆరేళ్ళు దాటింది!

అంటే నేరం ఎవరిది? మందు వేయించిన డాక్టరుది. నవల మాత్రం ఆయన్ను సుతిమెత్తగా వదిలేస్తుంది. వానలో తడిసి జ్వరం వచ్చి జ్ఞాపకశక్తి పోగొట్టుకున్నాడు, అదే శిక్ష. చెప్పకుండా మందు ఇవ్వడం వేళాకోళం కింద చెల్లిపోయిన రోజులవి కాబోలు. ఈనాడు జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రలు వేసుకుని నిద్రలోనే కారు నడిపినవాళ్ళ సంగతులు బయటపడ్డాక, 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మాత్రల మీద అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక ముద్రించమంది. మాత్ర మింగేవాడికి ఆ హెచ్చరిక తెలిసి ఉంటే, మింగిన క్షణం మెలకువ క్షణమే గదా. లారీ నడుపుతూ కునికిన డ్రైవరు విషయంలోనూ కోర్టులు చూసేది ఆ క్షణాన్నే. కళ్ళు మూసుకున్నాక కాదు, రెప్పలు బరువెక్కుతున్నాయని తెలిసీ బండి ఆపని ఆ రెండు నిమిషాల్ని. నిద్రపోయేవాణ్ణి లేపవచ్చు గాని నటించేవాణ్ణి లేపలేమని మనవాళ్ళంటారు. ఈ రెండు రకాల మధ్య మూడోవాడొకడున్నాడు, తాను నిద్రపోతానని తెలిసి కూడా జాగ్రత్త పడనివాడు. నవలలో వాడికి చోటు దొరకలేదు.

నవల నిజంగా బలంగా ఉన్న చోటు నాకు గాడ్‌ఫ్రే ఏబుల్‌వైట్ పాత్ర. బ్యాంకు ఉద్యోగం చేసినవాళ్ళు ఈ పాత్రను రెండుసార్లు చదువుతారు. పైకి ధర్మసంఘాల పెద్దమనిషి. లోపల, మైనరు కుర్రవాడి 20,000 పౌన్ల ట్రస్టు సొమ్ముకు ధర్మకర్తగా ఉండి, తోటి ధర్మకర్త సంతకం ఫోర్జరీ చేసి, పత్రాలు అమ్ముకు తిన్నవాడు. ఆ జూన్ 24కల్లా కుర్రవాడికి 300 పౌన్ల వాయిదా కట్టకపోతే బండారం బయటపడుతుంది. బ్రాందీలో మందు కలిపింది ఇతని చేయే. మత్తులో ఉన్న ఫ్రాంక్లిన్ వజ్రాన్ని తెచ్చి ఇతనికే ఇచ్చి, నాన్నగారి బ్యాంకులో భద్రం చేయమంటాడు. ఇది డిపాజిట్టు. ఇచ్చినవాడికి స్పృహ లేదు, రసీదు లేదు, తెల్లారి అతనికి జ్ఞాపకం కూడా లేదు. పుచ్చుకున్నవాడు పూర్తి మెలకువలో ఉన్నాడు. లండనులో లూకర్ దగ్గర దాన్ని తాకట్టు పెట్టి 2,000 పౌన్లు తెచ్చుకుంటాడు. ఏడాదికి 3,000 కట్టి విడిపించుకోవాలి, అంటే నూటికి యాభై వడ్డీ. కాలిన్స్‌కు లెక్కలు బాగా తెలుసు. నిద్రలో దొంగ అనిపించుకున్నవాడు పెట్టింది నమ్మకం, మెలకువలో ఉన్నవాడు తిన్నది ఆ నమ్మకాన్నే. ఒకే వజ్రాన్ని ఒకే రాత్రి రెండు చేతుల్లో పెట్టి రచయిత చూపిన ఈ తేడాను మించి నిద్రా నేరాల గురించి ఏ తీర్పూ చెప్పలేదనిపిస్తుంది.

అందుకే రోజన్నా స్పియర్‌మన్ విషయంలో కాలిన్స్ చేసిన తొందర నాకు మింగుడు పడదు. ఒకప్పుడు దొంగతనం చేసి శిక్ష అనుభవించి, ఆ ఇంట్లో పనిపిల్లగా చేరిన అమ్మాయి. ఫ్రాంక్లిన్ మీద చెప్పుకోలేని ప్రేమ. రంగు మరక ఉన్న చొక్కా మొదట దొరికింది ఆమెకే. అతను దొంగ అనుకుంది, కాపాడాలనుకుంది. అలాంటి చొక్కా మరొకటి కుట్టి పెట్టి, అసలుదాన్ని ఊబి ఇసుక ఒడ్డున దాచి, ఆ ఊబిలోనే దిగి చనిపోయింది. ఏడాదికి గాని ఆమె ఉత్తరం అతని చేతికి రాదు. దాన్ని చివరిదాకా చదివే ఓపిక కూడా అతనికి లేకపోతుంది, దివాను బెటరెడ్జ్ చేతికిచ్చేస్తాడు.

పార్క్స్ కేసులో ఇద్దరు బాధితులున్నారు. కోర్టు ముద్దాయికి ఇచ్చ లేదని చెప్పగలిగింది గాని వారికి ఏం చెప్పాలో చట్టంలో రాసి లేదు. నవల ఆ లోటు తీర్చగల చోటు. కోర్టు వాయిదాల తొందర నవలాకారుడికి లేదు. రేచల్ బాధను కాలిన్స్ తీర్చాడు. ఆమె కళ్ళు చూసింది నిజమే, ఆమె అనుకున్నది మాత్రం నిజం కాదని ప్రయోగంతో నచ్చజెప్పాడు. రోజన్నా చూసిన మరక కూడా నిజమే. ఆమె దాచిన సాక్ష్యం అసలు లేని నేరానికి సాక్ష్యం. ఈ మాట నవలలో ఎవరూ అనరు. ప్రయోగం రాత్రి లాయరు బ్రఫ్ ఉన్నాడు, బెటరెడ్జ్ ఉన్నాడు, పక్కగదిలో రేచల్ ఉంది. ఒక్కరి నోటైనా ఆ పిల్ల పేరు వచ్చి ఉంటే సరిపోయేది.

నవల చదవదలచినవారు వజ్రం దొరికే తొందరలో ఆమె ఉత్తరం ఉన్న అధ్యాయాలను దాటెయ్యకండి. కాస్త పొడుగనిపిస్తుంది. ఫ్రాంక్లిన్ సగంలో ఆపేసిన చోట మనం ఆపకుండా చదివితే చాలు.