కళ్ళెం పట్టిన రాజ్యం

అశ్వారూఢ విగ్రహంలో రాజు గురించి ఎక్కువగా చెప్పేది గుర్రమే. మనిషి కంటే ఎన్నో రెట్లు బలమున్న జంతువు ఒక్క చేతి అదుపులో నడుస్తుంది. గుర్రం రాజ్యానికి, కళ్ళెం శాసనానికి గుర్తులుగా నిలుస్తాయి.

ఈ సంప్రదాయానికి ఆదర్శం రోమ్‌లోని మార్కస్ అరేలియస్ కంచు విగ్రహం. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన ఈ విగ్రహం ఎత్తు 4 మీటర్లకు పైనే. చక్రవర్తికి కవచం లేదు, చేతిలో ఆయుధం లేదు. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంటుంది. గుర్రం ముందుకాలు ఎత్తి నడకలో ఉంటుంది. బలం చూపనక్కర్లేనంత నిశ్చింతే ఇందులోని అధికారం. మధ్యయుగంలో రోమన్ కంచు విగ్రహాలెన్నో కరిగించేశారు. క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టాంటైన్‌దని పొరబడటం వల్ల ఇది మిగిలింది.

1453లో పాదువాలో శిల్పి దొనతెల్లో ఈ గౌరవాన్ని గత్తమెలాత అనే కిరాయి సేనానికి ఇచ్చాడు. చక్రవర్తుల పీఠం అలా పరాక్రమానికీ దక్కింది. 1640లో పియెత్రో తక్కా స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ గుర్రాన్ని వెనుక కాళ్ళ మీద లేపి నిలిపాడు. ఎగిరే గుర్రంపై చెదరని రాజు నిరంకుశత్వానికి నచ్చిన రూపం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1782లో ఆవిష్కరించిన మహా పీటర్ విగ్రహంలో గుర్రం పామును తొక్కుతుంది. ఫాల్కొనే రూపొందించిన ఈ విగ్రహానికి గోర్దెయెవ్ మలచిన ఆ పాము శత్రువులకు ప్రతీక. గుర్రం తోకను తాకుతూ విగ్రహానికి మూడో ఆసరాగా నిలిచేదీ అదే.

విగ్రహాల ఈ భాష ప్రజలకూ తెలుసు. అందుకే 1792లో పారిస్ విప్లవకారులు పద్నాలుగో లూయీ అశ్వారూఢ విగ్రహాన్ని కూలగొట్టారు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ చెన్నైలోని థామస్ మన్రో విగ్రహం. దత్త మండలాల కలెక్టరుగా పనిచేసి, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన మన్రోకు 1839లో దీన్ని నిలిపారు. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని జనం చెప్పుకుంటారు. కానీ ఆ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ లండన్‌లోని నాలుగో జార్జి విగ్రహాన్నీ అలాగే చేశాడు. రోమన్లు రికాబులు ఎరగరు. ఆ ప్రాచీన రూపం తొడిగి, ఈస్టిండియా కంపెనీ గవర్నరును రోమన్ చక్రవర్తుల వరుసలో కూర్చోబెట్టారు. వలస పాలనకు చరిత్ర నుంచి అరువు తెచ్చిన హోదా అది.